ఆకాశ కిరణాలను కొలిచిన విశ్వాసి

ఆదివారం ఆరాధనలో మనం చేతులు జోడించి ప్రార్థిస్తున్నప్పుడు, మన అరచేతి గుండా సుమారుగా సెకనుకొకటి చొప్పున కంటికి కనబడని రేణువులు దూసుకుపోతుంటాయి. మందిరపు పైకప్పు వాటికి అడ్డం కాదు. నొప్పి ఉండదు, చప్పుడు ఉండదు. మన పాలపుంతలో ఎక్కడో బయలుదేరిన కాస్మిక్ కిరణాలు భూమి వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు పుట్టే పిల్ల రేణువులివి. ఈ కిరణాలు ఏమిటి, ఎక్కడివి అనే ప్రశ్న మీద 1932లో అమెరికాలో ఇద్దరు శాస్త్రవేత్తలు పత్రికలకెక్కి మరీ వాదులాడుకున్నారు. ఇద్దరూ నోబెల్ బహుమతి గ్రహీతలే. ఇద్దరూ ప్రొటెస్టెంట్ బోధకుల కుమారులే. ఇద్దరూ తమ విశ్వాసాన్ని దాచుకోనివారే. వారిలో చిన్నవాడు ఆర్థర్ హోలీ కాంప్టన్.

కాంప్టన్ 1892 సెప్టెంబర్ 10న ఒహాయో రాష్ట్రంలోని ఊస్టర్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. తండ్రి ఎలియాస్ ప్రెస్బిటేరియన్ బోధకుడు, ఊస్టర్ కళాశాలలో తత్వశాస్త్రం చెప్పే ఆచార్యుడు, అక్కడే డీన్. తల్లి ఒటేలియా మెనోనైట్ కుటుంబం నుంచి వచ్చింది. యుద్ధంలో ఆయుధం పట్టడం క్రీస్తు శిష్యులకు తగదని శతాబ్దాలుగా నమ్మి, అందుకోసం దేశాలు వదిలి వలసపోయిన సంఘం మెనోనైట్లది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, తరువాత అవసరమవుతుంది. ఆ ఇంట్లో ప్రార్థన, చదువు రెండూ రోజూ జరిగేవి. మిషనరీ సేవ అంటే తల్లిదండ్రులకు ప్రాణం. కుమార్తె మేరీ ఒక మిషనరీని పెళ్లాడి భారతదేశం వచ్చేసింది. ఆమె భర్త హెర్బర్ట్ రైస్ తరువాత లాహోరులోని ఫోర్మన్ క్రిస్టియన్ కళాశాల ప్రిన్సిపాల్ అయ్యాడు. కొడుకులు కార్ల్, విల్సన్, ఆర్థర్ ముగ్గురూ ప్రిన్స్‌టన్‌లో డాక్టరేట్లు సంపాదించారు, ముగ్గురూ విశ్వవిద్యాలయాలకు అధిపతులయ్యారు. అలాంటి పిల్లల్ని పెంచినందుకు 1939లో ఒటేలియాను అమెరికా మాతృమూర్తిగా ఎంపిక చేసి గౌరవించారు.

చిన్నవాడు ఆర్థర్‌కు ఆకాశమంటే పిచ్చి. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు దాన్ని తానే ఫొటో తీశాడు. సొంతంగా గ్లైడర్ తయారుచేసుకుని ఎగిరాడు. ఐనా దైవసేవకు వెళ్లాలా, సైన్సుకు వెళ్లాలా అన్న ఊగిసలాట ఆయనకు ఉండేది. బోధకుడైన తండ్రి తన వృత్తిలోకే రమ్మంటాడని ఎవరైనా అనుకుంటారు. ఎలియాస్ అలా అనలేదు. సైన్సులో నీకు మంచి తెలివి ఉంది, బోధకుడిగానో మిషనరీగానో చేయగలిగే దానికన్నా ప్రయోగశాలలోనే నువ్వు ఎక్కువ క్రైస్తవ సేవ చేయగలవేమో ఆలోచించు అన్న భావంతో సలహా ఇచ్చాడు. మన సంఘాల్లో ఇప్పటికీ దేవుని పిలుపు అంటే పుల్పిట్ ఒక్కటే అనుకునే తల్లిదండ్రులున్నారు. వంద సంవత్సరాలకు పైబడిన క్రితం ఒక బోధకుడు అంతకన్నా విశాలంగా ఆలోచించాడు.

ఆ కొడుకు తండ్రి నమ్మకాన్ని వమ్ము చేయలేదు. 1916లో ప్రిన్స్‌టన్‌లో డాక్టరేట్ పూర్తి చేసి, అదే ఏడాది కళాశాలలో తనతో చదివిన బెట్టీ మెక్‌క్లాస్కీని వివాహమాడాడు. కొన్నాళ్లు దీపాలు తయారుచేసే కంపెనీలో, ఒక సంవత్సరం కేంబ్రిడ్జిలో పనిచేసి, 1920లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఎక్స్ కిరణాలు ఎలక్ట్రాన్లను తాకినప్పుడు గోలీకాయల్లా వాటికి కొంత శక్తినిచ్చి పక్కకు తిరుగుతాయని అక్కడే కనిపెట్టాడు. కాంతికి రేణు స్వభావం కూడా ఉందని చాలామందిని ఒప్పించిన ప్రయోగం అది. దాన్ని కాంప్టన్ ఎఫెక్ట్ అంటారు. మన ఇంటర్మీడియట్, డిగ్రీ విద్యార్థులు ఆ పేరు చదివే ఉంటారు. 1923లో షికాగో విశ్వవిద్యాలయానికి మారాడు. 1927లో నోబెల్ బహుమతి వచ్చేసరికి వయసు 35.

నోబెల్‌కు ముందరి సంవత్సరం ఆయన లాహోరులో ఉన్నాడు. పంజాబ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి 1926లో కుటుంబంతో వచ్చాడు. ఫోర్మన్ క్రిస్టియన్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించే బెనాడేతో పరిచయం అక్కడ బలపడింది. ఎత్తైన హిమాలయాలు దగ్గర్లో ఉండటంతో కాస్మిక్ కిరణాల మీద ఆసక్తి కూడా ఈ గడ్డ మీదే పెరిగింది. తరువాతి కాలంలో ప్యారా సింగ్ గిల్ అనే పంజాబీ యువకుడు షికాగో వెళ్లి ఆయన దగ్గరే పరిశోధన చేసి, తిరిగి వచ్చి ఫోర్మన్ కళాశాలలో పనిచేశాడు.

ఇక కిరణాల కథ. 1912లో ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్ బెలూన్‌లో 5 వేల మీటర్లకు పైగా ఎక్కి, పైకి వెళ్లేకొద్దీ ఏదో వికిరణం ఎక్కువవుతోందని కనుగొన్నాడు. అది నేల నుంచి కాదు, పైనుంచి వస్తోందన్నమాట. 1925లో రాబర్ట్ మిలికన్ వాటికి కాస్మిక్ కిరణాలని పేరు పెట్టాడు. మిలికన్ సామాన్యుడు కాదు. ఎలక్ట్రాన్ మీది విద్యుదావేశాన్ని కొలిచి 1923లో నోబెల్ పొందినవాడు, కాలిఫోర్నియాలో గొప్ప విద్యాసంస్థను నడిపినవాడు, కాంగ్రిగేషనల్ సంఘ బోధకుని కుమారుడు. ఈ కిరణాలు అత్యంత శక్తిగల కాంతి అని ఆయన అభిప్రాయం. నక్షత్రాల మధ్య ఖాళీలో హైడ్రోజన్ నుంచి బరువైన పరమాణువులు కొత్తగా పుడుతున్నాయని, ఆ పుట్టుక వేళ వెలువడే కాంతే ఇదని, అప్పుడే పుట్టిన శిశువు కేకతో దాన్ని పోల్చాడు.

ఆ రోజుల్లో విశ్వం నెమ్మదిగా చల్లారి చచ్చిపోతుందని శాస్త్రజ్ఞులు చెబుతుండేవారు. అటువంటప్పుడు, లేదు, సృష్టికర్త ఇంకా పనిలోనే ఉన్నాడు, రుజువు ఇదిగో మన తలల మీదే కురుస్తోంది అని ఒక నోబెల్ గ్రహీత అంటే విశ్వాసుల హృదయాలు ఉప్పొంగవా? ఆ మాట పత్రికల్లో, ప్రసంగాల్లో మారుమోగింది. కాంప్టన్‌కు కూడా దాన్ని కాదనాలన్న కోరిక ఏమీ ఉండి ఉండదు. ఆయన సేవిస్తున్నది అదే సృష్టికర్తను. కాని ఆయన ఒక చిన్న ప్రశ్న వేసుకున్నాడు. ఇవి నిజంగా కాంతేనా?

తేల్చే మార్గం ఉంది. కాంతికి విద్యుదావేశం లేదు కాబట్టి అయస్కాంతం దాన్ని వంచలేదు. భూమి ఒక పెద్ద అయస్కాంతం. ఆ కిరణాలు కాంతి అయితే భూమధ్యరేఖ దగ్గరైనా ధ్రువాల దగ్గరైనా ఒకేలా పడాలి. విద్యుదావేశమున్న రేణువులైతే భూమధ్యరేఖ దగ్గర భూమి అయస్కాంతం వాటిలో చాలావాటిని పక్కకు నెట్టేస్తుంది, అక్కడ తక్కువ పడతాయి. యాకోబ్ క్లే అనే డచ్ శాస్త్రజ్ఞుడు జావా, హాలెండ్ మధ్య ఓడలో ప్రయాణిస్తూ 1927లోనే అలాంటి తేడా చూశాడు గాని నమ్మినవారు తక్కువ. కాంప్టన్ ప్రపంచమంతా ఒకే రకం పరికరంతో కొలవాలని నిశ్చయించుకున్నాడు. ఉక్కు గోళంలో ఆర్గాన్ వాయువును గట్టిగా నింపి, చుట్టూ సీసం కప్పిన పరికరాలు తయారయ్యాయి. పలు దేశాల శాస్త్రజ్ఞులు, పర్వతారోహకులు జట్లుగా బయలుదేరారు. హిమాలయ ప్రాంతంలో కొలతలు తీసింది లాహోరు మిషన్ కళాశాల ఆచార్యుడు బెనాడే. కాంప్టన్ తన భార్యను, పద్నాలుగేళ్ల పెద్ద కొడుకును వెంటబెట్టుకుని హవాయి, న్యూజీలాండ్, ఆస్ట్రేలియా, పెరూ, పనామా, మెక్సికో, ఉత్తర కెనడా తిరిగాడు. సుమారు 50 వేల మైళ్ల ప్రయాణం. భూమధ్యరేఖను ఐదుసార్లు దాటాడు.

ఈ పనికి ప్రాణాల వెల కూడా చెల్లించాల్సి వచ్చింది. 1932 మే నెలలో అలాస్కాలోని మెకిన్లీ పర్వతం మీద కొలతలకు వెళ్లిన అలెన్ కార్పే, థియోడోర్ కోవెన్ అనే ఇద్దరు హిమానీనదపు చీలికలో పడి మరణించారు. కాస్మిక్ కిరణాల చరిత్ర చెప్పేటప్పుడు ఈ రెండు పేర్లు చాలామంది వదిలేస్తారు.

మొత్తం 69 చోట్ల నుంచి కొలతలు వచ్చాయి. భూమధ్యరేఖ వద్ద కన్నా ఉత్తర, దక్షిణ ప్రాంతాల్లో కిరణాలు సముద్రమట్టం దగ్గర సుమారు 14 శాతం, నాలుగు వేల మీటర్లకు పైబడిన ఎత్తుల్లో దాదాపు 33 శాతం ఎక్కువ. అంటే వచ్చేవాటిలో అధికభాగం కాంతి కాదు, ఆవేశమున్న రేణువులు. 1932 డిసెంబర్‌లో అట్లాంటిక్ సిటీలో జరిగిన సైన్సు మహాసభలో కాంప్టన్, మిలికన్ ఒకే వేదిక మీద తలపడ్డారు. మాటలు వాడిగానే సాగాయి, మరునాడు పెద్ద పత్రికలు మొదటి పేజీలో వేశాయి. కొన్ని నెలలకే మిలికన్ సొంత బృందం కొలతలు కూడా అక్షాంశాన్ని బట్టి తేడా చూపడంతో ఆయన వెనక్కి తగ్గక తప్పలేదు. ఆవేశమున్న రేణువులు భూమి అయస్కాంతంలో ఎలా మలుపులు తిరుగుతాయో లెక్కగట్టి కాంప్టన్ ఫలితాన్ని బలపరిచినవారిలో ఒకరు మెక్సికో శాస్త్రజ్ఞుడు వల్లార్తా, మరొకరు బెల్జియం క్యాథలిక్ గురువు జార్జ్ లమేత్ర్.

మిలికన్ విశ్వాసంలో లోపమేమీ లేదు. తన హృదయానికి నచ్చిన దేవుని రుజువును ఒక కొలతకు ముడివేయడం దగ్గర ఆయన తడబడ్డాడు. అదే దేవుణ్ణి నమ్మిన కాంప్టన్ ఆ రుజువును పడగొట్టినప్పుడు ఆయన విశ్వాసానికి చిన్న గీత కూడా పడలేదు. ఎందుకంటే అది ఆ కిరణాల మీద ఆనుకుని లేదు. ఈ రోజుల్లో కొత్త వైజ్ఞానిక వార్త వచ్చిన ప్రతిసారీ ఇదిగో బైబిల్ రుజువైందని ఫోన్లలో పంపించుకునే మనకు ఈ తేడా తెలియడం మంచిది.

1933లో మరో ముచ్చటైన సంగతి జరిగింది. కిరణాలు పడమటి నుంచి ఎక్కువ వస్తున్నాయా, తూర్పు నుంచా అని చూస్తే వాటి ఆవేశం ధనమా రుణమా తెలుస్తుంది. కాంప్టన్ తన విద్యార్థి లూయీ అల్వారెజ్‌ను మెక్సికో నగరానికి పంపాడు. ఆ కుర్రవాడు హోటల్ మేడ మీద పరికరం పెట్టి కొలిచాడు. పడమటి నుంచే ఎక్కువ, అంటే ధనావేశం. వ్యాసం అచ్చువేసేటప్పుడు నోబెల్ గ్రహీత అయిన గురువు శిష్యుడి పేరు ముందు, తన పేరు వెనుక పెట్టాడు. అల్వారెజ్ తరువాత తానూ నోబెల్ పొందాడు, ఆ ఔదార్యాన్ని ఎన్నడూ మరచిపోలేదు.

ఆ రెండు కొలతలు కలిసి ఒక పెద్ద చిక్కును తెచ్చిపెట్టాయి. కాంతి తిన్నగా వస్తుంది కాబట్టి అది వచ్చిన దిక్కున చూస్తే నక్షత్రం కనబడుతుంది. ఆవేశమున్న రేణువు అలా రాదు. పాలపుంత అంతటా అయస్కాంత క్షేత్రం వ్యాపించి ఉంది. భూమి అయస్కాంతంలో లక్షవ వంతు బలమే, కాని అంత విశాలమైన మేర అంతా ఉంటుంది కాబట్టి చాలు. మామూలు శక్తిగల ప్రోటాన్ ఆ క్షేత్రంలో చిక్కి గిరగిరా తిరుగుతుంది. ఆ తిరుగుడు వలయం భూమికీ సూర్యుడికీ మధ్య దూరంలో పదో వంతు కూడా ఉండదు. క్షేత్రం సాఫీగా ఉన్నా బాగుండేది, అది ముడులు పడి ఉంటుంది. ప్రతి ముడి దగ్గర రేణువు దారి మారుతుంది. తిరునాళ్ల జనంలో చేయి జారిన పిల్లవాడు అటూ ఇటూ నెట్టబడుతూ ఎక్కడో తేలినట్టు, పాలపుంతలో తేలుతూ, దాని పైకీ కిందికీ పోయి మళ్లీ లోపలికి వస్తూ, చివరికి చాలావరకు బయటికి జారిపోతుంది. మన దగ్గరికి వచ్చినది మాత్రం అన్ని వైపుల నుంచీ ఇంచుమించు సమానంగా వస్తుంది. పుట్టిల్లు ఎక్కడో చెప్పదు.

ఐతే ఎంతకాలం తిరిగిందో చెబుతుంది. దారిలో ఉన్న పలుచని వాయువును కొట్టుకున్నప్పుడు కార్బన్, ఆక్సిజన్ వంటి బరువైన కేంద్రకాలు ముక్కలై లిథియం, బెరీలియం, బోరాన్ అవుతాయి. సూర్యుడిలో ఇవి బహు అరుదు, కాస్మిక్ కిరణాల్లో మాత్రం దండిగా ఉన్నాయి. బాటసారి బట్టల మీది దుమ్మును బట్టి ఎంత దూరం నడిచాడో ఊహించినట్టు, వీటిని బట్టి ఎంత వాయువు గుండా వచ్చాయో లెక్కిస్తారు. బెరీలియంలో ఒక రకం సుమారు 14 లక్షల సంవత్సరాలకు సగం నశించిపోతుంది. అది ఎంత మిగిలిందో చూస్తే ప్రయాణ కాలం తెలుస్తుంది. దాదాపు కోటిన్నర సంవత్సరాలు! పాలపుంతను ఈ కొన నుంచి ఆ కొనకు తిన్నగా దాటడానికి కాంతికి లక్ష సంవత్సరాల పైచిలుకు చాలు. ఇవి ఇంచుమించు కాంతి వేగంతోనే పరుగెడుతూ అంతకాలం తిరుగుతూనే ఉన్నాయి.

వాటికి ఆ వేగం ఎలా వచ్చింది? కదిలే అయస్కాంత మేఘాలు రేణువులను కొట్టి కొట్టి వేగం పెంచుతాయని 1949లో ఎన్రికో ఫెర్మీ చెప్పాడు. పేలిపోయిన నక్షత్రాల చుట్టూ విస్తరించే అదురు తరంగాలు ఆ పని మరింత బాగా చేస్తాయని 1970లలో తేలింది. ఈ ఫెర్మీ ఇటలీ నుంచి కాందిశీకుడిగా వచ్చి, యుద్ధకాలంలో షికాగోలో కాంప్టన్ కిందే పనిచేసినవాడు. కథ ఇక్కడ బరువెక్కుతుంది.

షికాగోలో కాంప్టన్ హైడ్‌పార్క్ బాప్టిస్టు సంఘంలో డీకన్, ఆదివారపు బడిలో బోధించేవాడు. మన నెల్లూరు, ఒంగోలులకు మిషనరీలను పంపిన ఉత్తర అమెరికా బాప్టిస్టుల సంఘాల్లో అదొకటి. మనిషికి స్వేచ్ఛా సంకల్పం ఉందని, యంత్రంలా నడిచే విశ్వంలో మనిషి కీలుబొమ్మ కాదని 1935లో ఒక పుస్తకమే రాశాడు. 1938 నుంచి 1947 వరకు క్రైస్తవులు, యూదుల మధ్య సఖ్యత కోసం పనిచేసే జాతీయ సంస్థకు సహాధ్యక్షుడు. హిట్లర్ కాలంలో ఆ పదవి అలంకారం కాదు.

అలాంటి మనిషి 1941 నవంబర్‌లో అణుబాంబు సాధ్యమేనని ప్రభుత్వానికి నివేదిక ఇచ్చిన సంఘానికి అధ్యక్షుడు. జర్మనీ ముందే తయారుచేస్తుందన్న భయం ఆయనను నడిపించింది. 1942 డిసెంబర్ 2న షికాగో విశ్వవిద్యాలయపు ఆటస్థలం మెట్ల కింద ఫెర్మీ బృందం మొట్టమొదటి అణు గొలుసుచర్యను నడిపింది. లక్షల జనమున్న నగరం నడిబొడ్డున దానికి అనుమతించింది కాంప్టన్. విశ్వవిద్యాలయ అధ్యక్షుడికి కూడా చెప్పలేదు. చెబితే వద్దనడం తప్ప ఆయనకు మార్గముండదని భావించి ఆ భారం తానే మోశాడు.

1945 జూన్ నాటికి జర్మనీ లొంగిపోయింది. బాంబును జనం లేని చోట పేల్చి చూపిస్తే చాలదా, జపాను నగరం మీద ముందస్తు హెచ్చరిక లేకుండా వేయవద్దు అని కాంప్టన్ ప్రయోగశాలలోని శాస్త్రజ్ఞులే జేమ్స్ ఫ్రాంక్ ఆధ్వర్యంలో నివేదిక రాశారు. కాంప్టన్ దాన్ని అణచిపెట్టలేదు, ఫ్రాంక్‌తో కలిసి వాషింగ్టన్ చేర్చాడు. కాని యుద్ధం త్వరగా ముగిస్తే దక్కే ప్రాణాల సంగతి ఇందులో లేదని తన మాట జతచేశాడు. కొద్ది రోజులకే జూన్ 16న ఆయన, ఫెర్మీ, లారెన్స్, ఓపెన్‌హైమర్ సభ్యులుగా ఉన్న నలుగురి బృందం, నేరుగా ప్రయోగించడం తప్ప తమకు వేరే మార్గం కనబడటం లేదని సలహా ఇచ్చింది. ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి. ఆ సంవత్సరం ముగిసేసరికి హిరోషిమాలోనే సుమారు 1,40,000 మంది మరణించారని అంచనా. నాగసాకిలో బాంబు పడింది జపానులోకెల్లా పెద్ద క్రైస్తవ సమాజం నివసించే ఉరకామి ప్రాంతంలో. వేలమంది విశ్వాసులు వారి దేవాలయంతో పాటు కాలిపోయారు.

మెనోనైట్ తల్లి కడుపున పుట్టిన బిడ్డ ఇది ఎలా చేయగలిగాడు? కాంప్టన్ తేలిక మనసుతో చేయలేదు. యుద్ధం సాగితే ఇరువైపులా ఇంకా ఎక్కువమంది చస్తారని మనస్ఫూర్తిగా నమ్మాడు. 1956లో రాసిన అణు అన్వేషణ గ్రంథంలోనూ అదే నిలుపుకున్నాడు, పశ్చాత్తాపం ప్రకటించలేదు. ఆయన లెక్క సరైనదని వాదించే చరిత్రకారులున్నారు, కాదనేవారూ ఉన్నారు. కిరణాల విషయంలో ప్రపంచమంతా కొలిచిగాని మాట చెప్పని మనిషి, జనం లేనిచోట చూపించి చూద్దామన్న ప్రయోగాన్ని మాత్రం ఎందుకు వదిలేశాడన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. భక్తిపరుడు కాబట్టి ఆయన తీర్పు సరైనదే అనడం సరికాదు. బాంబు చేశాడు కాబట్టి ఆయన భక్తి నటన అనడం కూడా న్యాయం కాదు. దావీదు జీవితం చదివేవారికి ఈ ఇబ్బంది కొత్తది కాదు.

యుద్ధం ముగిశాక 1945లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చాన్సలర్‌గా తిరిగి వెళ్లి 1953 వరకు ఉన్నాడు. నోబెల్ స్థాయి శాస్త్రజ్ఞులను అక్కడికి రప్పించాడు. నల్లజాతి విద్యార్థులకు డిగ్రీ తరగతుల తలుపులు తెరుచుకోవడానికి మాత్రం 1952 దాకా పట్టింది. అంత ఆలస్యం ఎందుకని అడిగితే తప్పు లేదు. 1962 మార్చి 15న మెదడులో రక్తస్రావమై బర్కిలీలో కన్నుమూశాడు. ఊస్టర్‌లోనే సమాధి చేశారు.

1991 ఏప్రిల్‌లో అమెరికా గామా కిరణాలను చూసే 17 టన్నుల అబ్జర్వేటరీని అంతరిక్షంలోకి పంపి కాంప్టన్ పేరు పెట్టింది. కాస్మిక్ కిరణాలు వాయువును తాకినచోట గామా కిరణాలు పుడతాయి. గామా కాంతి కాబట్టి తిన్నగా వస్తుంది, చోటు చెబుతుంది. మన పొరుగున ఉన్న చిన్న మెజెల్లాన్ మేఘమనే గెలాక్సీలో కాస్మిక్ కిరణాలు మన దగ్గరున్నంత దండిగా లేవని 1993లో ఆ అబ్జర్వేటరీ చూపింది. దాంతో వీటిలో అధికభాగం పాలపుంతలోనే పుట్టి పాలపుంతలోనే తిరుగుతున్నవని స్థిరపడింది. 2013లో, ఫెర్మీ పేరు పెట్టిన మరో టెలిస్కోపు రెండు పేలిన నక్షత్రాల శిథిలాల్లో ప్రోటాన్లు వేగం పుంజుకుంటున్న గుర్తును పట్టుకుంది. అప్పటికి కాంప్టన్ అబ్జర్వేటరీ లేదు. దాని గైరోస్కోపుల్లో ఒకటి పాడవడంతో, అదుపు తప్పి జనం మీద పడకూడదని, 2000 జూన్ 4న దాన్ని జాగ్రత్తగా పసిఫిక్ మహాసముద్రంలో దించేశారు.